కోత పండుగనాటి పానాలు

నంద్యాలలో పని దొరికిందన్న సంబరంతో బస్సు దిగిన దేవసహాయాన్ని పోయిన వారం ఆళ్ళగడ్డ బస్టాండులో వదిలి వచ్చాం. ఆ సంబరం అతనితోపాటు ఇంటిదాకా కూడా నడవలేదు. "ఈడ మెకానిక్కులు ఎవరి సామాను వాళ్లే తెచ్చుకోవాల. వచ్చే సోమవారం నేను అహోబిలం నుంచి వస్తా. ఆళ్ళగడ్డలో కలిసి బస్సెక్కుదాం. పెట్టెతో రా" అని నంద్యాలలోనే చెప్పి పంపాడు ట్రాక్టర్ల షెడ్డు నడిపే చక్రపాణి. దేవసహాయం "అట్లనే సార్" అన్నాడు. అతని దగ్గర పెట్టె లేదు.

ఈ పని దొరకక ముందే పోయిన ఆ పెట్టె ఎట్లా పోయిందో ఊరందరికీ ఒక కథ తెలుసు. డోన్ నుంచి వచ్చిన గురవయ్య బస్సు టాపు మీద నుంచి ఎవరో కొట్టేశారని. మనకు తెలిసిన కథ వేరు. డోన్‌లో ఒక లారీ ఇంజను బాగుచేసిచ్చినందుకు లారీవాళ్లు పోసిన సారా, ఆపైన గూడ్సు షెడ్డు గోడవార పడి నిద్ర, మెలకువ వచ్చి చూస్తే పక్కన పెట్టె లేకపోవడం. ఇక తాగనని చర్చి గుడిలో అందరి ముందు ప్రమాణం చేసిన మనిషి అతను. బస్సు ఆళ్ళగడ్డలో ఆగేసరికి భార్య లూదియా ఎదురుగా నిలబడి ఉంది. ఆమె మొహం చూశాడు. టాపు వైపు తలెత్తి "నా పెట్టె! నా పెట్టె ఏది?" అని అరిచాడు.

ఆ అరుపుకు బస్సు క్లీనరు బాలస్వామి నిచ్చెనెక్కి టాపంతా వెదికాడు. ఆనాడు డోన్‌లో సంత. కూలీలు పైకి విసిరిన మూటల్లో ఏది ఎవరిదో అతనికీ గుర్తు లేదు. దిగి వచ్చి చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. "సామాను చూసుకునేది నువ్వే గదరా. పెట్టె సంగతి తేలేదాకా బండెక్కొద్దు" అని యజమాని గురవయ్య అక్కడికక్కడే అతన్ని దించేశాడు. దేవసహాయం ఆ మాట విన్నాడు. విని ఇంటికి పోయాడు.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక్క వారం. పనిముట్లు మళ్లీ పోగుచేయాలి.

మెకానిక్కు సామాను ఒకనాడు అంగడికి పోయి కొనుక్కొచ్చేది కాదు. పోయిన పెట్టెలోని ప్రతి పానా వెనకా ఏదో ఒక బండి ఉంది, ఏదో ఒక ఊరుంది. మిడుతూరులో ట్రాక్టరు సైలెన్సరు పక్కన ఇరుకులో చెయ్యి దూరక, ఒక రింగు పానాను ఆకురాయితో అరగదీసి సన్నం చేసుకున్నాడు. దాన్ని ఇంకొకరి చేతికిస్తే పనికిరాదని పారేస్తారు. బండి కింద పడుకుని చూడకుండా చెయ్యి చాపితే, ఏది ఎక్కడుందో వేళ్లకు తెలిసిపోయేది. ఆ వేళ్లు ఇప్పుడు ఊరికే ఉన్నాయి.

నంద్యాలకు పోయి పాత ఇనుము అమ్మే అంగళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. కుప్పల్లో పానాలకు కొదవ లేదు. నోరు విచ్చుకుపోయినవి, తుప్పు తినేసినవి, ఎవరో సుత్తికి బదులు వాడి తల పగలగొట్టినవి. జేబులో తెచ్చుకున్న నట్టుకు ఒక్కొక్కటీ పట్టించి చూశాడు. వదులు పానా నట్టు మూలలు కొరికేస్తుంది. ఆపైన ఆ నట్టును ఉలిపెట్టి నరకాల్సిందే.

అంగడతను నవ్వాడు. "ఏమప్పా, పెండ్లిచూపులకు వచ్చినావా? ఒగ పానాకు ఇంతసేపు చూస్తాండావ్?"

"కొత్త పనిలో చేరుతాండా. పాత సామాను పోయింది."

"ఎట్ల పోయింది?"

"బస్సులో కొట్టేసినారు" అన్నాడు దేవసహాయం. మొదటిసారి ఆ మాట అరిచి చెప్పాడు. ఇప్పుడు మంచినీళ్లు అడిగినంత తేలిగ్గా వచ్చేసింది.  ఏరిన నాలుగు పానాలూ చేతిలో పట్టుకుని, ఇంక బేరం ఆడకుండా లేచాడు.

మర్నాడు తనకు పని నేర్పిన యోహాను మేస్త్రీ ఇంటికి పోయాడు. ముసలాయనకు కళ్లలో పొరలు కమ్మాయి. అరుగు మీద కూర్చుని, అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"దేవసాయమా? రా నాయనా. నీ సామాను పోయిందని విన్నా. పొలిమేర దాటి పోయినా ఆ దొంగ బాగుపడడు. పనోని చేతులు నరికినట్టు గదా అది."

 ముసలాయన తడుముకుంటూ లోపలికి పోయి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. బేరింగులు లాగే పుల్లరు, రెండు సుత్తులు, వాల్వుల సందు చూసే సన్న రేకుల గేజి. గేజి రేకులకు తుప్పు తగలకుండా నూనెగుడ్డలో చుట్టి పెట్టి ఉంది.

"నాకు ఇంగ ఏం కనబడతాదని బండి విప్పేది? తీసుకో, కొండబో."

"మేస్త్రీ, ఇవి నాకొద్దు..."

"ఎందుకొద్దు? నువ్వేమన్నా దొంగతనం చేసి అడుగుతాండావా? కష్టం వచ్చి వచ్చినావు." ముసలాయన అతని చేతులు పట్టుకుని సంచి మూతి అందించాడు. ఆ చేతులు వెనక్కి లాగుకోబోతే, శిష్యుడు మొగమాటపడుతున్నాడనుకున్నాడు. "ఊరకుండు, ఊరకుండు. ఆ నాబట్ట ఎవడో ఒకనాడు దొరకకపోడు" అని ఓదార్చాడు.

ఇంటికి వచ్చేదాకా దేవసహాయం ఆ సంచిని భుజానికి ఎత్తుకోలేదు. చేత్తోనే మోశాడు, కాలికి తగులుతున్నా.

లూదియా మిషను బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పే టీచరు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. మొగుడు ఊరూరా తిరుగుతుంటే ఆమె తన దారిన ఇంకొక పని చేసింది. గుడిలో స్త్రీల సమాజం కూడినప్పుడు లేచి, సిగ్గుపడుతూనే అడిగింది. ఎవరి ఇంట్లోనైనా వాడని పానాలు, ప్లేర్లు ఉంటే కోత పండుగనాడు కానుకగా తెస్తారా అని. ఈ సంగతి దేవసహాయానికి చెప్పలేదు. ఆదివారం గుళ్లో చూసి సంతోషపడతాడనుకుంది.

కోత పండుగకు గుడి తలుపులకు జొన్న కంకులు కట్టారు. బల్ల ముందు గుమ్మడికాయలు, కొర్రలు, వేరుశనగ బుడ్డల మూటలు, పత్తి, కాళ్లు కట్టిన కోళ్లు. ఎవరో తోలుకొచ్చిన మేకపిల్ల, పాట మొదలైనప్పుడల్లా తనూ గొంతు కలుపుతోంది. ఆదివారం బేరాలు కూడవని ఆ సంఘంలో పాత కట్టుబాటు. కానుకలు ఆదివారం పెడతారు, వేలంపాట సోమవారం పొద్దున. మిషను బడికీ ఆ రోజు సెలవే.

వాక్యం చెప్పడం ముగించి పాస్టరు అయ్యగారు చేయెత్తారు. "ఈ ఏడు ఇంకొక కానుక కూడా ఉంది. మన సహోదరుడు దేవసహాయం కష్టార్జితమైన పనిముట్లు దొంగల పాలయ్యాయి. దేవుడు ఆయనకు కొత్త పని ఇచ్చాడు. పనిముట్లు మనం ఇద్దాం. దేవసహాయం, ముందుకు రా."

దేవసహాయాన్ని మగవాళ్ల వరుసలో నుంచి ఎవరో వీపు మీద తట్టి లేపారు. లేచి నడిచాడు.  బల్ల పక్కన, అందరికీ ఎదురుగా నిలబెట్టారు.

ఒకరొకరే వచ్చారు. పంపుసెట్లు బాగుచేసే ఏసయ్య రెండు స్క్రూడ్రైవర్లు, ఒక ప్లేరు పెట్టాడు. ఎవరో ముసలామె, చనిపోయిన కొడుకుదట, గ్రీజు కొట్టే గన్ను తెచ్చి బల్ల మీద పెట్టి కళ్లకద్దుకుంది. రిటైరైన రాజరత్నం మాస్టరు తన సైకిలు పానా తెచ్చారు. ట్రాక్టరుకు అది ఎందుకూ పనికిరాదు. అయినా ఆయన దాన్ని బొగ్గుపొడితో తోమి, తళతళలాడేట్టు చేసి మరీ తెచ్చారు. "నా దగ్గర ఉండేది ఇదే నాయనా" అన్నారు. గుమ్మడికాయల మధ్య, కోళ్ల పక్కన ఇనుము కుప్పగా పెరుగుతోంది. ప్రతి మనిషీ పెట్టి, అతని మొహంలోకి చూసి, నవ్వి పోతున్నాడు. దేవసహాయం ప్రతి ఒక్కరికీ తలవంచాడు. తల ఎత్తే అవసరం లేకుండా పోయింది.

చివర్న వెనక వరుసలో కదలిక వినిపించింది. బాలస్వామి వస్తున్నాడు.

గుడి మొత్తం సద్దుమణిగింది. బండి నుంచి దించేశాక అతను పత్తి బేళ్లు మోసే కూలికి పోతున్నాడు. భుజం దగ్గర చొక్కా చిరిగి ఉంది. చేతిలో ఎర్రగుడ్డ మూట. దాన్ని బల్ల మీద పెట్టలేదు. తిన్నగా దేవసహాయం దగ్గరికి వచ్చి మూట విప్పాడు. లోపల రింగు పానాలు, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా, ఒకదానికొకటి తగలకుండా సుతిలితో కట్టి ఉన్నాయి. అవి అందరికీ తెలిసిన పానాలే. క్లీనరుగా ఎన్నాళ్లుంటాం, మెకానిక్కు కావాలని, జీతంలో మిగిల్చి ఒక్కొక్కటే కొనుక్కున్నాడు. "నాకు పని నేర్పన్నా" అని ఒకప్పుడు దేవసహాయాన్నే అడిగాడు కూడా.

"అన్నా" అన్నాడు బాలస్వామి.  "నేను తీయలేదు. దేవుని ముందర చెప్తాండా. కాని నా బండి మీద పోయింది. నేను చూసుకోలేదు. ఇవి తీసుకో."

దేవసహాయం నోరు తెరిచాడు. మాట నాలుక మీదికి వచ్చింది. అదే క్షణాన ఆడవాళ్ల వరుసలో లూదియా కనిపించింది. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. ఆమె చుట్టూ ఉన్నవాళ్లందరూ అతన్నే చూస్తున్నారు, ఇప్పుడే పానాలు ఇచ్చినవాళ్లందరూ.

చేతులు చాపాడు. మూట తీసుకున్నాడు.

బాలస్వామి వెంటనే కదల్లేదు. అతని మొహంలోకి చూస్తూ కాసేపు నిలబడ్డాడు, ఏదో ఒక మాట వినబడుతుందని. "నువ్వు తీయలేదని నాకు తెలుసు" అన్న ఒక్క మాట చాలేది. దేవసహాయం పానాల వైపే చూస్తున్నాడు. "దేవునికి స్తోత్రం" అన్నారు అయ్యగారు. పాట ఎత్తుకున్నారు. పాట మధ్యలోనే బాలస్వామి వెనక్కి నడిచి, తన వరుసలో కూర్చోకుండా, తలుపు దాటి బయటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇంట్లో లూదియా చాప మీద పనిముట్లన్నీ పరిచింది. కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచింది. పాత టార్పాలిన్ గుడ్డతో సంచి కుడుతోంది. పానాకు పానాకు విడిగా అరలు పెట్టి, చుట్టేస్తే భుజాన వేసుకునేట్టు. బడి సెలవురోజు మధ్యాహ్నమంతా దానికే పెట్టింది.

"చూడయ్యా, ఇంగ ఒగటో రెండో తక్కువ. పెట్టె లేకుంటే ఏం, సంచి ఉండాది" అంది. చాలా రోజులకు ఆమె మొహంలో తేటదనం కనిపించింది. కాసేపటికి సూది ఆపి, "బాలస్వామిని చూస్తే కడుపు తరుక్కుపాయె. నేను కూడా వాణ్ణే అనుకున్నా. సమాజంలో ఒకరిద్దరితో అన్నా గూడా. రేపు పోయి జయమ్మతో మాట్లాడాల" అంది.

జయమ్మ బాలస్వామి భార్య.

దేవసహాయం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

"పెట్టె బస్సెక్కలేదు లూదియా."

ఆమెకు అర్థం కాలేదు.

"డోన్‌లోనే పోయింది. తాగి పడిపోయినా. లేచి చూస్తే లేదు. ఎవరు తీసుకున్నారో, యాడ పోయిందో నాకే తెల్దు. నువ్వు బస్టాండులో నిలబడి ఉంటివి. నీ మొహం చూసి, నోటికి వచ్చింది చెప్పినా."

లూదియా సూదిని గుడ్డలో గుచ్చింది.  బయట కోడి కూసినా ఆమె తల తిప్పలేదు.

"తాగినావా?"

"తాగినా."

"అది సరే" అంది నెమ్మదిగా. "తాగినావంటే ఏడుస్తును, తిడుతును, ఆపైన అన్నం పెడుదును. అది మనింట్లో సంగతి. కొళాయి కాడ జయమ్మ బిందె పెడితే, నేను నా బిందె పక్కకు జరుపుకున్నా. దొంగ పెండ్లామని. ఆమె చూసింది. తల దించుకుని నీళ్లు పట్టుకోకుండానే పాయె. నా చేత ఆ పని చేయించినావు గదయ్యా."

"తప్పే."

"నాతో చెప్పి బరువు దించుకుంటే ఎట్ల? నాకేం నష్టం? ఎవరికి చెప్పాల్నో వాళ్లకు చెప్పు."

"రేపు పొయ్యేటప్పుడు చెప్పి పోతా."

"ఇప్పుడెందుకు పోకూడదు?"

దేవసహాయం మనసులో లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు పోతే బాలస్వామి మొహం చూసి, మళ్లీ ఈ ఇంటికి వచ్చి, సాయంత్రమంతా ఇదే గోడకు ఆనుకుని కూర్చోవాలి. రేపైతే చెప్పిన వెంటనే బస్సెక్కవచ్చు. ఆ లెక్క ఆమెకూ తెలిసిపోయిందని, ఆమె చూపు చెప్పింది. లూదియా మిగిలిన అర కూడా కుట్టేసి, దారం పళ్లతో తెంపి, సంచి అతని పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. 

సోమవారం ఉతికిన చొక్కా వేసుకుని, సంచి భుజాన వేసుకుని దేవసహాయం బాలస్వామి ఇంటికి పోయాడు. జయమ్మ వాకిట్లో పొయ్యి ముట్టిస్తోంది. అతన్ని చూసి లేచి నిలబడింది. కూర్చోమనలేదు.

"బాలస్వామి లేడామ్మా?"

"లేడు."

"యాడికి పోయినాడు?"

"గురవయ్య కాడికి పోయినాడు, ఒప్పుకొనేకి."

"ఏం ఒప్పుకొనేకి?"

జయమ్మ పొగకో దేనికో కళ్లు తుడుచుకుంది. "నీ పెట్టె తానే తీసినానని. గురవయ్య మొన్నే చెప్పి పంపినాడన్నా. ఒప్పుకుంటే కేసు లేదు, మళ్లా బండెక్కిస్తా, కాదంటే ఇంగ నా గడప తొక్కొద్దు అని. ఈయప్ప ఒప్పుకోలేదు. చేయని దానికి ఎట్ల ఒప్పుకుంటానని ఆకలితో పడుకున్నాడు గాని ఒప్పుకోలేదు. నిన్న నీకు పానాలిచ్చి వచ్చినాడు. వచ్చి ఆ మంచంలో కూలబడినాడు. 'దేవసాయమన్న ఒగ మాట కూడా అనకపాయె జయమ్మా. ఇచ్చింది తీసుకున్నాడు. నేనే తీసినాననుకుంటాండాడు. ఆయప్పే నమ్మనప్పుడు ఇంగ ఎవరు నమ్ముతారు' అన్నాడు. పొద్దున్నే లేచి పాయె."

దేవసహాయం సంచి పట్టీ బిగించి పట్టుకున్నాడు. "ఎంతసేపయింది?"

"ఇప్పుడే. బేగా పోతే దారిలో దొరుకుతాడేమో. నీకెందుకన్నా? నీ పెట్టె నీకు రాదులే, యాడుందో ఆయప్పకు తెలిస్తే గదా."

అతను అప్పటికే వీధిలో ఉన్నాడు. సంచి వీపుకు కొట్టుకుంటుండగా పరుగెత్తాడు. అంత వయసు మనిషి సామానుతో పరుగెత్తడం చూసి దారిలో వాళ్లు "బస్సు ఇంకా కదల్లేదులే అప్పా" అని అరిచారు.

బస్టాండు పక్కన రేకుల గది గురవయ్య ఆఫీసు. బాలస్వామి గోడవార నేల మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మడిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గురవయ్య కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా బెంచీ మీద, నుదుట నామంతో, చేతిలో టీ గ్లాసుతో చక్రపాణి. నంద్యాల బస్సు కోసం వచ్చి కూర్చున్నాడు.

"రా దేవసాయం, మంచి వేళకు వచ్చినావు" అన్నాడు గురవయ్య. "తేలిపాయె నీ పెట్టె సంగతి. వీడే తీసినాడంట. నేను అనుకుంటానే ఉన్నా."

చక్రపాణి దేవసహాయం భుజాన సంచి చూసి నవ్వాడు. "పనిముట్లు సిద్ధం చేసుకున్నావే! మంచిది. బస్సు ఇప్పుడే కదుల్తుంది."

బాలస్వామి తలెత్తలేదు.

దేవసహాయానికి రొప్పు ఇంకా తగ్గలేదు. అది తగ్గేదాకా ఆగితే మళ్లీ నోరు పడిపోతుందని అనిపించింది.

"వీడు తీయలేదు" అన్నాడు.

"ఏందీ?"

"పెట్టె మీ బస్సెక్కనే లేదు సార్. డోన్‌లో సారా తాగి పడిపోయినా. ఆడ్నే పోయింది. మా ఇంట్లో చెప్పలేక తప్పు బస్సు మీదికి నెట్టినా. వీనికేం తెల్దు. చేసిందంతా నేనే."

గురవయ్య కుర్చీ కిర్రుమంది. బస్సు డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి తొంగిచూశాడు. చక్రపాణి టీ గ్లాసును మెల్లగా బెంచీ మీద పెట్టాడు. నవ్వు మొహం మీద నుంచి పోయింది. దేవసహాయం అతని వైపు చూడలేకపోయాడు.

బాలస్వామి లేచి నిలబడ్డాడు. అతని మొహంలో సంతోషం లేదు. మొదట ఏమీ లేదు. తర్వాత మెల్లగా, అర్థమవుతున్న కొద్దీ, చేతిలోని తువ్వాలును మెలిపెట్టాడు.

"పెట్టె బస్సెక్కలేదా?"

"లేదు."

"ఆనాడు నేను టాపు మీద వెదుకుతాంటే, కింద నిలబడి చూస్తాంటివే."

"చూస్తాంటి."

"అట్లయితే నిన్న నా పానాలు ఎందుకు తీసుకున్నావన్నా?"

ఆ ప్రశ్నకు దేవసహాయం సిద్ధంగా లేడు. తాగుడు గురించి అడుగుతారనుకున్నాడు, అబద్ధం గురించి అడుగుతారనుకున్నాడు. సంచి దించి, నేల మీద పరిచి, రింగు పానాలున్న అర విప్పాడు.  సుతిలి కట్టుతో సహా తీసి బాలస్వామి వైపు చాపాడు.

బాలస్వామి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఈడ నాకొద్దు. నేను గుళ్లో ఇచ్చినా, అందరూ చూస్తాంటే. అందరూ చూస్తాంటే ఇయ్యి." గొంతు పెరగలేదు. "ఈ గదిలో చెప్తే నలుగురికి తెలుస్తాది. నా పెండ్లాం కొళాయి కాడికి పోవాల గదా."

బయట బస్సు ఇంజను మోగింది. "నంద్యాల, నంద్యాల!" అని కండక్టరు కేక. దాని వెంటే, రోడ్డు అవతల నుంచి గుడి గంట. వేలంపాటకు జనాన్ని పిలిచే గంట. ఈపాటికి నిన్నటి వాళ్లందరూ అక్కడ చేరి ఉంటారు.

చక్రపాణి కండువా సర్దుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "షెడ్డులో రెండు ట్రాక్టర్లు విప్పి పెట్టి ఉన్నాయి. రైతులు వచ్చి కూర్చుంటారు. నేను ఈ బస్సుకు పోవాల" అన్నాడు. రమ్మనలేదు, వద్దనలేదు. పోయి బస్సెక్కాడు.

దేవసహాయం సంచి చుట్టాడు. రింగు పానాలను మాత్రం లోపల పెట్టలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. గది దాటాడు. బస్సు ఎడమ పక్కన వణుకుతూ నిలబడి ఉంది. ఎక్కే మెట్టు మీద కండక్టరు "రాప్పా, బేగా!" అంటున్నాడు. దేవసహాయం దాని ముందు నుంచి నడిచి రోడ్డు దాటాడు. వెనకాల కొంచెం దూరంలో బాలస్వామి అడుగుల చప్పుడు. పక్కకు రావడం లేదు, ఆగడమూ లేదు.

గుడి ముందు పందిరి కింద జనం. అయ్యగారు ఒక గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి పట్టుకుని వేలంపాట పిలుస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు. రాజరత్నం మాస్టరు ముందుగా చూశారు. "ఏం నాయనా, ఇంకా పోలేదా? బస్సు దాటిపోతుందే!" అన్నారు ఆప్యాయంగా. కళ్లు కనబడకపోయినా పండుగ వదులుకోని యోహాను మేస్త్రీ, ఎవరో వేసిన కుర్చీలో కూర్చుని, "దేవసాయమా?" అన్నాడు. ఆడవాళ్ల మధ్య నుంచి లూదియా లేచి నిలబడింది. భర్త చేతిలోని పానాలను చూసింది, వెనకాల వస్తున్న బాలస్వామిని చూసింది. మళ్లీ కూర్చోలేదు.

"అయ్యగారూ, పాట కాసేపు ఆపండి" అన్నాడు దేవసహాయం.

గుమ్మడికాయ దిగింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. నిన్న నిలబడిన మనుషులకే మళ్లీ ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి ఎవరూ తట్టి లేపలేదు. సంచి మొత్తం విప్పి వాళ్ల ముందు నేల మీద పరిచాడు. ముసలామె గ్రీజు గన్ను, ఏసయ్య ప్లేరు, తళతళలాడే సైకిలు పానా, నూనెగుడ్డలో గేజి.

"ఇవి మీరు దొంగతనం జరిగిందని ఇచ్చినారు" అని మొదలుపెట్టాడు. "దొంగతనం జరగలేదు."

చక్రపాణి ఎక్కిన నంద్యాల బస్సు గుడి ముందు నుంచే పోవాలి. దాని మోత దగ్గరికి వచ్చింది. వచ్చి, పోవాల్సింది పోకుండా, గేటు ఎదురుగా ఆగింది. మెట్టు మీద ఎవరో దిగిన చప్పుడు.

దిగింది ఎవరో చూడటానికి దేవసహాయం తల తిప్పలేదు. యోహాను మేస్త్రీ చెవి ఒగ్గి వింటున్న వైపే చూస్తూ, తరువాతి మాటకు ఊపిరి తీసుకున్నాడు.